ఎనిమిది ఆదివారాలు, పన్నెండు శిబిరాలు: అమలాపురంలో ఒక శిక్షణ తరగతిపై సమీక్ష

అమలాపురంలో పోటీ పరీక్షలకు శిక్షణ ఇచ్చే ఒక సంస్థ 2025 అక్టోబరు 26న మొదలుపెట్టి ఎనిమిది ఆదివారాల పాటు ప్రత్యేక తరగతులు నిర్వహించింది. ఫీజు 4,500 రూపాయలు. దానికి ప్రతి వారం మూడు గంటల పాఠం, ఒక ముద్రిత మెటీరియల్, ఒక గోడ పటం, చివరి ఆదివారం విద్యార్థులే పాల్గొనే నమూనా చర్చ లభిస్తాయి. కరపత్రంలో ‘పశ్చిమాసియా వ్యవహారాలు’ అని వేసినా, చెప్పింది ఒకే ఒక్క అంశం: లెబనాన్‌లోని పాలస్తీనా శరణార్థి శిబిరాలు, వాటిలో ఉన్న సాయుధ దళాల నిరాయుధీకరణ, ఆ ఆయుధాల గురించి 1969 నుంచి నేటిదాకా ప్రభుత్వాల మధ్య సాగిన చర్చలు. గ్రూప్-1కు చదువుతున్న మా అమ్మాయి చేరింది. ఆమెతో పాటు నేను కూడా ఫీజు కట్టి వెనక బల్ల మీద కూర్చున్నాను. నా వయసు 61. నేను రాయవలసిన పరీక్ష ఏదీ లేదు గాని, ఈ అంశంతో నాకు ముప్పై అయిదేళ్ల పాత సంబంధం ఉంది.

పాఠం చెప్పిన మాస్టారు డిగ్రీ కళాశాలలో రాజనీతిశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవారు. ఒకే అంశాన్ని ఎనిమిది వారాలు చెప్పాలన్న నిర్ణయం ఆయనదేనని తెలిసింది. అది సరైన నిర్ణయమని నా అభిప్రాయం. మన ప్రాంతంలో కరెంట్ అఫైర్స్ పేరుతో జరిగే తరగతుల్లో ఒక గంటలో పది దేశాలు తిరిగి వస్తారు. తేదీలు గుర్తుంటాయి, కారణాలు గుర్తుండవు. ఇక్కడ మాత్రం లెబనాన్ పటం మీద పన్నెండు చుక్కలు పెట్టి, మొదటి ఆదివారమంతా ఆ చుక్కల పేర్లు పలకడం నేర్పారు. ఉత్తరాన ట్రిపోలీ దగ్గర నహర్ అల్ బారెద్, బెద్దావీ. బీరూట్ చుట్టూ బుర్జ్ అల్ బరాజ్నె, షతీలా, మార్ ఇలియాస్, ద్బయె. సైదా పక్కన ఐన్ అల్ హిల్వె, మియె మియె. దక్షిణాన టైర్ దగ్గర రషీదియె, అల్ బస్, బుర్జ్ షెమాలీ. తూర్పున బాల్‌బెక్ దగ్గర వావెల్. నహర్ అల్ బారెద్ అంటే చల్లని నది అని, ఐన్ అల్ హిల్వె అంటే తియ్యటి ఊట అని ఆయన చెప్పినప్పుడు, కాలువల మధ్య పుట్టి పెరిగిన పిల్లలకు ఆ పేర్లు ఇట్టే పట్టుబడ్డాయి.

రెండో తరగతికి ముందు, అక్టోబరు 28 రాత్రి, మొంథా తుపాను నరసాపురం సమీపంలో తీరం దాటింది. నవంబరు 2న తరగతికి వచ్చినవారు సగమే. వచ్చినవారిలోనూ కొందరు అంతకుముందు రెండు రాత్రులు బడి గదుల్లో, పునరావాస కేంద్రాల్లో గడిపినవారు. మాస్టారు ఆ రోజు మెటీరియల్ తెరవలేదు. శిబిరం అనగానే మీకు ఏం తోస్తుందో రాయమన్నారు. చాప, పులిహోర పొట్లం, మంచినీళ్ల ప్యాకెట్టు, ఇంటికి ఎప్పుడు వెళ్లవచ్చని వీఆర్వో గారిని అడగడం, కొబ్బరి చెట్లు ఎన్ని పడ్డాయో అన్న దిగులు, ఇలా రాశారు. అప్పుడు ఆయన ఒక్క ప్రశ్న వేశారు: ఆ బడి గదిలోనే మీ తాత, మీ నాన్న, మీరు, మీ పిల్లలు కూడా పుట్టి ఉంటే దాన్ని ఏమని పిలుస్తారు? అక్కడినుంచి 1948కి వెళ్లారు. ఇజ్రాయెల్ ఏర్పడినప్పటి ఆ యుద్ధంలో ఏడు లక్షలకు పైగా పాలస్తీనీయులు ఇళ్లు వదిలిపోగా, వారిలో దాదాపు లక్షమంది లెబనాన్ చేరారు. ఆ ఏడాది డిసెంబరు 11న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 194వ తీర్మానం చేసింది. పొరుగువారితో శాంతిగా బతకదలచి ఇళ్లకు తిరిగి వెళ్లగోరేవారిని వీలైనంత త్వరగా వెళ్లనివ్వాలని అందులో ఉంది. వెళ్లగలిగే రోజు రాలేదు. గుడారాల స్థానంలో సిమెంటు దిమ్మెల గోడలు లేచాయి. చుట్టూ పెరగడానికి జాగా లేక ఇళ్లు పైకి పెరిగాయి. సందుల మీద కరెంటు తీగలు, నీటి గొట్టాలు కలగలిసి వేలాడుతూ, తరచు కరెంటు కొట్టి మనుషులు చనిపోయే పరిస్థితి వచ్చింది.

తెలుగులో మనం శరణార్థి అనే మాటను వార్తల్లో ఎక్కువగా వాడుతున్నాం గాని, కాందిశీకుడు అనే పాత మాటే ఈ సందర్భానికి దగ్గరగా ఉందని నాకు అనిపించింది. ‘ఏ దిక్కుకు పోవాలి’ అన్న సంస్కృత ప్రశ్న నుంచి పుట్టిన మాట అది. 1942లో రంగం (బర్మాలోని రంగూన్) నుంచి నడిచి వచ్చినవారిని మా నాయనమ్మ ఆ మాటతోనే తలచుకునేది. అయితే రంగం నుంచి వచ్చినవారికి, ఎంత కష్టపడినా, రావడానికి ఒక ఊరు ఉంది.

ఈ కోర్సులో నిజంగా విలువైన భాగం మూడో, నాలుగో ఆదివారాలు. శిబిరాల్లోకి ఆయుధాలు ఎలా వచ్చాయన్నది మూడో పాఠం. 1969 దాకా లెబనాన్ సైనిక గూఢచారి విభాగం శిబిరాలను గుప్పిట్లో పెట్టుకుంది. ఇంటికి కప్పు వేసుకోవాలన్నా, పక్క శిబిరంలోని బంధువును చూడాలన్నా వారి అనుమతి కావాలి. ఆ ఏడాది నవంబరు 3న, ఈజిప్టు అధ్యక్షుడు నాసర్ మధ్యవర్తిత్వంతో, పాలస్తీనా విమోచన సంస్థ అధినేత యాసర్ అరాఫత్, లెబనాన్ సైన్యాధిపతి ఎమిల్ బుస్తానీ కైరోలో ఒప్పందం చేసుకున్నారు. ఆ ఒప్పందాన్ని వార్తల్లో ఎప్పుడూ ఆయుధాల ఒప్పందంగానే చెబుతారు. మాస్టారు దానిలోని అంశాలను బోర్డు మీద రాసి చూపించినప్పుడు మాత్రం మొదట కనిపించింది పనిచేసే హక్కు, నివసించే హక్కు, తిరిగే హక్కు. ఆ తరువాత శిబిరాల్లో స్థానిక కమిటీలు, ఆ తరువాతే సాయుధ కేంద్రాలు. అంటే హక్కులు, తుపాకులు ఒకే కాగితం మీద వచ్చాయి. 1987 మే నెలలో లెబనాన్ పార్లమెంటు ఆ కాగితాన్ని రద్దు చేసింది. అయినా శిబిరం లోపలికి సైన్యం వెళ్లకూడదన్న ఆచారం కొనసాగింది. ద్వారాల దగ్గర సైనిక తనిఖీ, లోపల ప్రజా కమిటీలు, సాయుధ వర్గాలు. చట్టం పోయి ఆచారం మిగలడమే నేటి చర్చలకు మూలమని ఆయన చెప్పిన తీరు, ఇంతకుముందు నేను చదివిన వ్యాసాల్లో ఎక్కడా ఇంత స్పష్టంగా లేదు.

నాలుగో పాఠం 1982, ఇజ్రాయెల్ సైన్యం లెబనాన్‌లోకి చొచ్చుకువచ్చి బీరూట్‌ను ముట్టడించిన ఏడాది. అమెరికా దూత ఫిలిప్ హబీబ్ నడిపిన చర్చల ఫలితంగా ఆ ఆగస్టులో పాలస్తీనా యోధులు బీరూట్ నుంచి ఓడలెక్కి వెళ్లిపోయారు. వెనక మిగిలే కుటుంబాలకు హాని జరగదన్న హామీ ఆ ఏర్పాటులో భాగం. అమెరికా, ఫ్రాన్స్, ఇటలీ దళాలు అందుకోసమే వచ్చాయి. కాని సెప్టెంబరు రెండో వారానికే ఆ దళాలు వెనుదిరిగాయి. 14న, లెబనాన్ అధ్యక్షుడిగా ఎన్నికైన బషీర్ జెమాయెల్ హత్యకు గురయ్యారు. 16 నుంచి 18 వరకు ఇజ్రాయెల్ సైన్యం చుట్టుముట్టి ఉన్న సబ్రా పేటలో, షతీలా శిబిరంలో ఆయన పక్షానికి చెందిన ఫలాంజిస్టు అనే క్రైస్తవ మిలీషియా జరిపిన ఊచకోతలో వందలమంది చనిపోయారు. కొన్ని లెక్కల ప్రకారం మృతుల సంఖ్య వేలలో ఉంది. మరుసటి ఏడాది ఇజ్రాయెల్‌లోని కహాన్ కమిషన్ తమ దేశానికి పరోక్ష బాధ్యత ఉందని, రక్షణ మంత్రి ఏరియల్ షరాన్‌కు వ్యక్తిగత బాధ్యత ఉందని తేల్చింది. మాస్టారు ఈ పాఠాన్ని గొంతు పెంచకుండా, ఏ రోజు ఏం జరిగిందో బోర్డు మీద వరసగా రాస్తూ చెప్పారు. చివరి గంట ఎవరూ మంచినీళ్లకు కూడా లేవలేదు. ముమ్మిడివరం నుంచి బస్సులో వచ్చే ఒక అమ్మాయి మాత్రం లేచి, “మాస్టారూ, తుపాకులు ఇచ్చేశాక రాత్రిపూట కాపలా ఎవరుంటారండీ?” అని అడిగింది. తరగతి మొత్తానికి ఇదే ముఖ్యమైన ప్రశ్న. “ఆ ప్రశ్న దాచుకోమ్మా, చివరి వారం కావాలి” అన్నారాయన.

ఇక లోపాలు. మెటీరియల్ 140 పేజీలు. ముద్రణ బాగుంది. కాని రెండు చోట్ల తీవ్రమైన పొరపాట్లు ఉన్నాయి. శిబిరాల పరిపాలన ఐక్యరాజ్యసమితి శరణార్థి సహాయ సంస్థ అయిన అన్‌ర్వా చేతిలో ఉందని ఒక అధ్యాయం చెబుతుంది. ఇది తప్పు. 1949 డిసెంబరులో ఏర్పడి 1950 మే నుంచి పనిచేస్తున్న ఆ సంస్థ బడులు, ఆరోగ్య కేంద్రాలు, సహాయం నడుపుతుంది. శిబిరాన్ని పాలించే అధికారం గాని, పోలీసు పని గాని దానికి లేవు. నిరాయుధీకరణ గురించి చదివే విద్యార్థి ఈ ఒక్క విషయం తప్పుగా నేర్చుకుంటే మిగిలినదంతా తప్పుతుంది. 2023లో ఐన్ అల్ హిల్వెలో పాలస్తీనా విమోచన సంస్థలోని ప్రధాన వర్గమైన ఫతాకు, ఇస్లామిస్టు వర్గాలకు పోరు జరిగినప్పుడు సాయుధులు అన్‌ర్వా బడుల్లోకి చొరబడితే ఆ సంస్థ ఖాళీ చేయమని విజ్ఞప్తులు చేయగలిగిందే తప్ప, ఖాళీ చేయించలేకపోయింది. రెండో పొరపాటు జనాభా. అన్‌ర్వా పుస్తకాల్లో నమోదైనవారు నాలుగున్నర లక్షలు దాటుతారు. లెబనాన్ ప్రభుత్వ కమిటీ 2017లో శిబిరాలు, వాటి చుట్టుపక్కల పేటల్లో ఇంటింటికీ తిరిగి లెక్కపెడితే తేలింది 1,74,422. మొదటిది నమోదు, రెండోది నివాసం. మెటీరియల్ ఈ రెండింటినీ తేడా చెప్పకుండా ఒకే పేజీలో వేసింది. నేను మాస్టారుకు చూపించగా ఆయన వెంటనే ఒప్పుకొని తరగతిలో సరిచేశారు. ముద్రిత ప్రతికి సవరణ పత్రం మాత్రం సంస్థ ఇవ్వలేదు.

అంతకన్నా బాధ కలిగించిన విషయం మరొకటి ఉంది. తుపాను వల్ల రెండో తరగతికి రాలేకపోయిన పిల్లలు ఆ పాఠాన్ని మళ్లీ చెప్పమని అడిగితే, రికార్డింగ్ చూసుకోమని కార్యాలయంలో జవాబిచ్చారు. ఆ రికార్డింగ్‌లో ఫ్యాను చప్పుడు తప్ప సగం మాటలు వినిపించవు. శిబిరం గురించి చెప్పిన పాఠాన్ని, ఆ వారం నిజంగా శిబిరాల్లో ఉన్న పిల్లలే పోగొట్టుకున్నారు. ఒక శనివారం సాయంత్రం రెండు గంటలు కేటాయిస్తే సరిపోయేది.

2025 పరిణామాల మీద మెటీరియల్ మే నెలతో ఆగిపోయింది. ఆ మే 21న పాలస్తీనా అధ్యక్షుడు మహమూద్ అబ్బాస్ బీరూట్ వెళ్లి, లెబనాన్ అధ్యక్షుడు జోసెఫ్ ఔన్‌తో కలిసి, ప్రభుత్వ అధీనంలో లేని ఆయుధాల కాలం ముగిసిందని ఉమ్మడి ప్రకటన చేశారు. రెండు పక్షాల కమిటీ కూర్చుని, జూన్ మధ్యలో బీరూట్ శిబిరాలతో మొదలుపెట్టాలని అనుకుంది. గడువు దాటిపోయింది. ఆగస్టు 21న బుర్జ్ అల్ బరాజ్నె నుంచి మొదటి విడత ఆయుధాలు సైన్యానికి చేరాయి. తరువాత దక్షిణ శిబిరాలు, సెప్టెంబరులో బెద్దావీ, ఐన్ అల్ హిల్వె. ఇచ్చింది ఫతా వర్గం. ఫతాతో పోటీపడే హమాస్, ఇస్లామిక్ జిహాద్ అందులో చేరలేదు. ఈ భాగాన్ని మాస్టారు రెండు జిరాక్సు కాగితాలతో సర్దారు. ఆరో వారం అతిథిగా వచ్చిన వేరొక ఉపన్యాసకుడు మాత్రం పాత నోట్సే చదివి వెళ్లారు. అప్పటికి పన్నెండు రోజుల క్రితం, నవంబరు 18న, ఐన్ అల్ హిల్వె మీద ఇజ్రాయెల్ దాడి చేయగా పదముగ్గురు చనిపోయారు. అది హమాస్ శిక్షణ స్థలమని ఇజ్రాయెల్, కాదు ఆటస్థలమని హమాస్ ప్రకటించాయి. నిరాయుధీకరణ చర్చ మీద ఆ దాడి ప్రభావం ఏమిటని మా అమ్మాయి అడిగితే ఆయన దగ్గర జవాబు లేదు. సంస్థ అతిథులను పిలిచే ముందు ఆ నెల వార్తలైనా చదివి రమ్మని చెప్పాలి.

డిసెంబరు 14న జరిగిన నమూనా చర్చ గురించి కొంచెం వివరంగా రాయాలి, ఎందుకంటే ఫీజులో సగం విలువ దానిదే. గదిలో అయిదు బల్లలు వేశారు: లెబనాన్ ప్రభుత్వం, లెబనాన్ సైన్యం, అబ్బాస్ తరఫు ఫతా, హమాస్, అమెరికా దూత. ప్రతి పక్షానికి ఒక పేజీ ఆదేశాలు ఇచ్చారు. చర్చ మొదలుకాబోతుండగా ముమ్మిడివరం అమ్మాయి లేచి, “శిబిరంలో ఉండేవాళ్లు ఏ బల్ల దగ్గర కూర్చుంటారండీ?” అని అడిగింది. మాస్టారు ఒక నిమిషం ఆగి, కార్యాలయం నుంచి ఒక ప్లాస్టిక్ కుర్చీ తెప్పించి ఆమెనే అందులో కూర్చోబెట్టారు. ముందుగా వేసుకున్న ప్రణాళికలో ఆ కుర్చీ లేకపోవడం లోపం. అడిగిన వెంటనే వేయడం ఆయన పెద్దరికం.

తరువాత రెండున్నర గంటలు జరిగినది నేను చూసిన తరగతుల్లోకెల్లా మంచిది. ప్రభుత్వ పక్షాన మా అమ్మాయి మాట్లాడింది. లెబనాన్ అంతర్యుద్ధాన్ని ముగించడానికి కుదిరిన 1989 తాయిఫ్ ఒప్పందం ప్రకారం మిలీషియాలన్నీ ఆయుధాలు అప్పగించాలని, 2004లో భద్రతా మండలి 1559వ తీర్మానం కూడా అదే చెప్పిందని, పదిహేనేళ్ల అంతర్యుద్ధం చూసిన దేశానికి ఒకే సైన్యం, ఒకే చట్టం ఉండాలనడం అన్యాయం కాదని బలంగా వాదించింది. ఆ వాదనలో నిజం ఉంది. శిబిరం లోపలి తుపాకుల వల్ల మొదట చనిపోతున్నది శిబిరం మనుషులే. కుర్చీలోని అమ్మాయి దానికి అడ్డు చెప్పలేదు. తన ప్రశ్న మళ్లీ వేసింది: రాత్రిపూట కాపలా ఎవరు? సైన్యం ఉంటుందని సైన్యం బల్ల జవాబిచ్చింది. అప్పుడామె 2007 చెప్పింది. నహర్ అల్ బారెద్‌లో ఫతా అల్ ఇస్లాం అనే బయటి ముఠా చొరబడితే, సైన్యం మూడు నెలలకు పైగా పోరాడి గెలిచింది. నూట అరవైమందికి పైగా సైనికులు ప్రాణాలు కోల్పోయారు. శిబిరం నేలమట్టమై పాతిక వేలకు పైగా మనుషులు రోడ్డున పడ్డారు. తిరిగి కట్టడం ఏళ్లకేళ్లు సాగింది.

హక్కుల విషయం వచ్చినప్పుడు ప్రభుత్వ బల్ల ఇబ్బంది పడింది. లెబనాన్‌లో పాలస్తీనీయులు 2001 చట్టం తరువాత స్థిరాస్తి కొనలేరు. 2010లో కొన్ని సడలింపులు ఇచ్చినా వైద్యం, న్యాయవాదం వంటి వృత్తుల తలుపులు వారికి తెరుచుకోలేదు. దీనికి లెబనాన్ వారు చెప్పే కారణం ‘తౌతీన్’, అంటే శరణార్థులను అక్కడే స్థిరపరచడమన్న భయం. మతవర్గాల లెక్కమీద పదవులు పంచుకునే దేశంలో, అత్యధికులు సున్నీలైన శరణార్థులు పౌరులైతే ఆ లెక్క మారిపోతుందని వారి ఆందోళన. పాలస్తీనీయులు కూడా తౌతీన్ వద్దంటారు, కారణం వేరు: తిరిగి వెళ్లే హక్కు పోతుందని. పౌరసత్వం వేరు, బతుకుతెరువు హక్కు వేరు అని విడదీసి చెప్పగలిగింది ఆ రోజు ఫతా బల్ల మీది ఒక కుర్రవాడే. ముందు ఆయుధాలా, ముందు హక్కులా అన్న దగ్గర చర్చ ఆగింది. అమెరికా దూతగా కూర్చున్నవారు గడువు తేదీలు చెప్పగలిగారు గాని, వరస చెప్పలేకపోయారు. పన్నెండున్నరకు గంట కొట్టారు. ఈ చర్చకు ఒక్క పూట చాలదు. రెండు ఆదివారాలు ఇవ్వాలని సంస్థను కోరుతున్నాను.

నేను ఎందుకు చేరానో ఇప్పుడు చెప్పాలి. 1987లో కువైట్ వెళ్లి ఒక గోదాములో స్టోర్ కీపర్‌గా పనిచేశాను. అక్కడి లెక్కల గుమస్తా ఐన్ అల్ హిల్వెలో పుట్టిన పాలస్తీనీయుడు. నాకు అరబ్బీ అంకెలు రాయడం నేర్పింది ఆయనే. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం వచ్చింది. కొన్ని వారాల తరువాత మేము బస్సుల్లో ఇరాక్ మీదుగా జోర్డాన్ సరిహద్దు చేరి, ఎడారి గుడారాల్లో పదకొండు రోజులున్నాం. నీళ్ల లారీ కోసం వరసలో నిలబడటం, రాత్రి చలి, ఇసుక, అన్నీ గుర్తున్నాయి. కాని నా చొక్కా జేబులో పాస్‌పోర్టు ఉంది, దానిమీద ఒక దేశం పేరు ఉంది. ఆ దేశం అమ్మాన్‌కు విమానాలు పంపింది. లక్షా డెబ్బై వేలకు పైగా మనవాళ్లను అలా తీసుకువచ్చారు. ఆ గుమస్తా దగ్గర ఉన్నది లెబనాన్ ఇచ్చిన శరణార్థి ప్రయాణ పత్రం. “నువ్వు మీ ఊరు వెళ్తున్నావు, నేను మా శిబిరానికి వెళ్లాలన్నా వీసా అడుగుతారు” అన్నాడు. యుద్ధానంతరం కువైట్‌లోని పాలస్తీనీయుల్లో అత్యధికులు ఆ దేశం విడిచిపోవలసి వచ్చింది. ఆయన ఎటు వెళ్లాడో నాకు తెలియలేదు. ఈ తరగతిలో ఐన్ అల్ హిల్వె చుక్కను పటం మీద వేలితో తాకి చూశాను.

గ్రూప్-1, సివిల్స్ అభ్యర్థులు నిస్సంకోచంగా చేరవచ్చు. గల్ఫ్‌లో పనిచేసి వచ్చినవారు, మన రాజోలు, మలికిపురం వైపు అటువంటివారు ఎందరో ఉన్నారు, వారు కూడా వినదగిన పాఠాలు ఇవి. వినడానికి డిగ్రీ అక్కరలేదు. మెటీరియల్‌లో అన్‌ర్వా అధ్యాయాన్ని నమ్మవద్దు, మాస్టారు చెప్పింది రాసుకోవాలి. గోడ పటం విడిగా 150 రూపాయలకు కూడా ఇస్తున్నారు, కొనదగినది. తరువాతి బ్యాచ్ సంక్రాంతి వెళ్లాక మొదలవుతుందన్నారు. శిబిరవాసుల కుర్చీని ఈసారి మొదటినుంచే వేస్తామని మాస్టారు నాతో చెప్పారు.